కీబోర్డు మన చెప్పుచేతల్లో ఉండాలంటే

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, పెన్షను ఎవరి దయాధర్మమూ కాదు, మన హక్కు అన్న విషయం గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా వివరించారు. అంత పెద్ద విషయం తర్వాత నాకు అప్పగించిన విషయం చాలా చిన్నది. మన సంఘం గదిలో ఉన్న కంప్యూటరు గురించి, అందులో నేను కీలు మార్చి పెట్టుకున్న తీరు గురించి చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. "మీరు చేసిన మంచీ చెప్పండి, చేసిన పొరపాటూ చెప్పండి" అన్నారు. రెండూ చెబుతాను. పొరపాటే ముఖ్యం కాబట్టి దానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను.

నేను 1977లో టైపిస్టుగా సర్వీసులో చేరాను. అంతకు ముందు కాకినాడలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసయ్యాను. మా మాస్టారు కీబోర్డు మీద అట్ట మూత పెట్టి కొట్టించేవారు. చూపు కాగితం మీద, వేళ్ళు మిషను మీద. మిషను ఏ అక్షరాన్ని ఎక్కడ పెట్టిందో మన వేలు అక్కడికే వెళ్ళాలి. క్వెర్టీ అని మనం పిలిచే ఆ వరుస 1874లో అమ్మకానికి వచ్చిన రెమింగ్టన్ వారి మిషను నాటిది. అమెరికాలో షోల్స్ అనే ఆయన, ఆయన మిత్రులు తయారు చేసిన మిషను అది. నూటయాభై సంవత్సరాలు దాటినా ఆ వరుస పెద్దగా మారలేదు. 1936లో డ్వోరాక్ అనే ప్రొఫెసరు ఇంతకంటే వేళ్ళకు హాయైన వరుస అంటూ ఒకటి పేటెంటు చేయించారు గాని, లోకం కదలలేదు. అలవాటు పడ్డ చెయ్యి అంత మొండిది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

1991లో మా ఆఫీసుకి మొదటి కంప్యూటరు వచ్చింది. అందులో వర్డ్‌స్టార్. అప్పట్లో మౌసు లేదు. కర్సరు ఎడమకు జరగాలంటే కంట్రోల్ ఎస్, కుడికి కంట్రోల్ డి, పైకి కంట్రోల్ ఇ, కిందికి కంట్రోల్ ఎక్స్. కీబోర్డు మీద చూస్తే ఈ నాలుగూ ముగ్గుచుక్కల్లా వజ్రాకారంలో ఉంటాయి. దాచాలంటే కంట్రోల్ కె, ఎస్. లైను మొత్తం తీసెయ్యాలంటే కంట్రోల్ వై. మొదట ఏడిపించింది గాని, ఆరు నెలల్లో చేతికి వచ్చేసింది. చెయ్యి హోం వరుస మీద నుంచి లేవనవసరం లేదు కాబట్టి టైపిస్టులకు అది చాలా నచ్చింది.

తర్వాత విండోస్ వచ్చింది. అదే కంట్రోల్ ఎక్స్ నొక్కితే ఎంచుకున్న మేటరు కత్తిరించేస్తుంది. వర్డ్‌స్టార్‌లో కంట్రోల్ సి అంటే తర్వాతి పేజీ, ఇక్కడ నకలు. అక్కడ కంట్రోల్ వై అంటే లైను మాయం, ఇక్కడ రద్దు చేసిన పనిని మళ్ళీ చెయ్యడం. ఒకే మీట, వేరు వేరు పనులు. "ఈ కంప్యూటరు వాళ్ళకి ఒక మాట మీద నిలకడ లేదా?" అని మా సూపరింటెండెంటు గారు కోప్పడేవారు. అసలు సంగతి నాకు చాలా సంవత్సరాల తర్వాత అర్థమైంది. దాన్ని మన ఆఫీసు భాషలో చెబుతాను.

మనకి తపాలు వస్తుంది. ఇన్‌వర్డ్ గుమాస్తా దాన్ని చూస్తాడు. బల్ల మీద పని పంపకం ఉత్తర్వు ఉంటుంది. సెలవుల విషయమైతే ఎ1 సీటు, పెన్షను విషయమైతే బి2 సీటు. దాని ప్రకారం కాగితం వెళ్తుంది. రేపు సూపరింటెండెంటు పని పంపకం మార్చాడనుకోండి. కాగితం అదే, గుమాస్తా అతనే, కాని కాగితం ఇంకో సీటుకి వెళ్తుంది. కంప్యూటరులో కూడా అంతే. టైపు మిషను మీద కీ నేరుగా అక్షరాన్ని కొట్టేది. మధ్యలో ఎవరూ లేరు. కంప్యూటరులో కీ నొక్కడం వేరు, పని జరగడం వేరు. మధ్యలో ఒక పట్టిక ఉంటుంది. ఫలానా కీ వస్తే ఫలానా పని అని అందులో రాసి ఉంటుంది. ఆ పట్టికను మార్చుకునే అధికారం చాలా ప్రోగ్రాములు మనకే ఇస్తాయి. ఇదే ఈ రోజు నేను చెప్పదలచుకున్న విషయం.

ఈ సంగతి నేను సరదా కొద్దీ నేర్చుకోలేదు. 2019లో నాకు పక్షవాతం వచ్చింది. దేవుడి దయ వల్ల మాట దక్కింది, నడక దక్కింది. ఎడమ చెయ్యి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. అప్పటికి మన సంఘం ఉత్తరాలు, బకాయిల జాబితాలు, ఫ్యామిలీ పెన్షనరు అమ్మల అర్జీలు అన్నీ నేనే టైపు చేసేవాణ్ణి. రెండు చేతులతో నలభై రెండేళ్ళు చేసిన పని ఒక చేత్తో చెయ్యాలి. కంట్రోల్ ఎస్ అని రెండు అక్షరాల్లో చెప్పేస్తాం గాని, కుడి చేత్తో కుడి పక్క కంట్రోల్‌ని నొక్కి పట్టుకుని అదే చేత్తో ఎస్‌ని అందుకోవాలని చూడండి, తెలుస్తుంది. మూడు నెలలు ప్రయత్నించి, ఇక ఈ పని వేరే వారికి అప్పగించండని కార్యదర్శి గారికి ఉత్తరం రాయబోయాను.

ఆ ఉత్తరం టైపు చేస్తుండగా మా కోడలు చూసింది. "మామయ్యగారూ, ఈ కీలు మార్చుకోవచ్చండీ. మీకు కావలసినవన్నీ కుడివైపు పెట్టుకుందాం" అంది. ఆ అమ్మాయి చూపించినవి, తర్వాత నేను వెతికి పట్టుకున్నవి వరుసగా చెబుతాను. మనలో చేతులు వణికేవారు, వేళ్ళ కీళ్ళు పట్టేసినవారు ఉన్నారు. వారికి ఉపయోగపడవచ్చు.

మొదటిది, ఏమీ మార్చకుండానే దొరికేది. కత్తిరించడానికి, నకలు తీయడానికి, అతికించడానికి కంట్రోల్ ఎక్స్, సి, వి అని అందరికీ తెలుసు. వీటికంటే ముందు నుంచీ విండోస్‌లో ఇంకో జత ఉంది. షిఫ్ట్ డిలీట్ అంటే కత్తిరించడం, కంట్రోల్ ఇన్‌సర్ట్ అంటే నకలు, షిఫ్ట్ ఇన్‌సర్ట్ అంటే అతికించడం. ఇవి చాలా ప్రోగ్రాముల్లో ఇప్పటికీ పనిచేస్తాయి. పెద్ద కీబోర్డు మీద కుడి కంట్రోలు, కుడి షిఫ్టు, ఇన్‌సర్టు, డిలీటు అన్నీ కుడివైపే ఉంటాయి. అంటే ఒక్క కుడి చేత్తో మూడు పనులూ అవుతాయి. ముప్ఫై ఏళ్ళుగా కళ్ళ ముందున్న కీలు, నేను ఒక్కసారీ వాడలేదు.

రెండవది స్టిక్కీ కీస్. షిఫ్టు కీని వరుసగా ఐదుసార్లు నొక్కితే తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. మనం విసుక్కుని వద్దు అని కొట్టేస్తాం. నేనూ అలాగే కొట్టేసేవాణ్ణి. దానికి అవును అని చెబితే, కంట్రోలుని నొక్కి పట్టుకోనవసరం లేదు. ఒకసారి నొక్కి వదిలి, తర్వాత ఎస్ నొక్కితే చాలు. ఒక్క వేలితో పని జరుగుతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడేవారికి ఇది మరీ అవసరం. అందులో క కొట్టిన కీ మీదే షిఫ్టుతో ఖ వస్తుంది. ఒత్తక్షరాలకు షిఫ్టు లేకుండా గడవదు.

మూడవది అసలు విషయం, పట్టికను మార్చడం. జాబితాలకు నేను నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటరు వాడతాను. 2003లో డాన్ హో అనే ఆయన విడుదల చేసిన ప్రోగ్రాము, డబ్బు కట్టనవసరం లేదు. టెక్స్ట్ ఎడిటరు అంటే అక్షరాల సైజు, బొద్దు, రంగు లాంటి అలంకారాలు దాచదు. అక్షరాలను మాత్రమే దాచుతుంది. అందుచేత ఫైలు చిన్నదిగా ఉంటుంది, ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. అందులో సెట్టింగ్స్ మెనూలో షార్ట్‌కట్ మ్యాపర్ అని ఉంటుంది. తెరిస్తే ఒక పక్క పని పేరు, దాని పక్కనే ఆ పనికి కేటాయించిన కీ ఉంటాయి. అచ్చంగా మన పని పంపకం ఉత్తర్వే. కావలసిన పని మీద నిలబడి మాడిఫై అనే బొత్తాం నొక్కి, కొత్త కీ ఎంచుకోవాలి.

నేను సేవ్ అనే పనిని ఎఫ్ 8కి ఇచ్చాను. అయితే ఆ కీని అప్పటికే ఇంకో పనికి కేటాయించారు. ఒకే విషయాన్ని రెండు సీట్లకు ఇస్తే ఫైలు ఎక్కడ తిరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ చిక్కు రాకుండా, ఈ కీ ఇప్పటికే ఫలానా పనికి ఉంది అని ఆ కిటికీ కింది భాగంలో హెచ్చరిక చూపిస్తుంది. ముందు పాత కేటాయింపుని క్లియర్ అనే బొత్తాంతో తీసేసి, తర్వాత కొత్తది ఇవ్వాలి. ఈ క్రమం తప్పకూడదు.

ఈ మూడింటితో నా పని మళ్ళీ గాడిలో పడింది. ఉత్తరం చింపేశాను. పద్యనాటకంలో హార్మోనిస్టు పాడేవాడి శ్రుతికి మారతాడు గాని, నా శ్రుతికే నువ్వు పాడమనడు కదా. ఇన్నాళ్ళూ మిషను శ్రుతికి నేను పాడాను, ఇప్పుడు అది నా శ్రుతికి మారింది అని మురిసిపోయాను. ఆ మురిపెంలోనే పొరపాటు చేశాను.

జాబితాల్లో లైను తీసెయ్యడం తరచు వచ్చే పని. తయారు చేసినవారు దానికి కంట్రోల్, షిఫ్ట్, ఎల్ అని మూడు కీలు పెట్టారు. మూడెందుకు, ఒకటి చాలు అని దాన్ని ఎఫ్ 9కి మార్చుకున్నాను. ఆ మార్పు సంఘం గదిలో అందరూ వాడే కంప్యూటరులో చేశాను. ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద రాసి పెట్టలేదు.

2021లో కరువు భత్యం బకాయిల కోసం అరవై ఏడుగురి పేర్లతో ఒక జాబితా తయారు చేశాం. పేరు, పి.పి.ఓ. నంబరు, రావలసిన మొత్తం. నేను ఊళ్ళో లేని రోజున లెక్కల శాఖలో పనిచేసి రిటైరైన మన మిత్రుడు దాన్ని సరిచూడటానికి కూర్చున్నారు. వారికి అప్పుడే శుక్లాల ఆపరేషను అయింది. వారు సర్వీసంతా ఎక్సెల్ వాడినవారు. ఎక్సెల్‌లో ఎఫ్ 9 నొక్కితే లెక్కలు మరోసారి వేసి చూపిస్తుంది. ఒక లైనులో అంకె దిద్దడం, అలవాటుగా ఎఫ్ 9 నొక్కడం, చేతిలోని కాగితం వైపు చూడటం. దిద్దిన ఆ లైను మాయమయ్యేది, కింది లైను దాని స్థానంలోకి వచ్చేది. నాలుగు చోట్ల దిద్దారు. ఆ నాలుగు లైన్లూ పోయాయి. దాచి, మూసేసి, ప్రింటు తీసి పంపించారు. మూసేశాక వెనక్కి తెచ్చుకునే సౌకర్యం కూడా ఉండదు. వరుస సంఖ్యలు వేసి ఉంటే అక్కడే బయటపడేది. అదీ నేను వేయలేదు.

మూడు వారాల తర్వాత ఒక ఫ్యామిలీ పెన్షనరు అమ్మ ఫోను చేశారు. "అన్నగారూ, జాబితాలో నా పేరు లేదంటున్నారండీ. మా వారి సర్వీసులో ఏమైనా లోపం ఉందాండీ?" అని అడిగారు. లోపం ఆమె భర్త సర్వీసులో లేదు, నా కీబోర్డులో ఉంది. ఆ మాట ఆమెతో చెప్పడానికి నాకు నోరు పెగలలేదు. మరునాడు వారింటికి వెళ్ళి చెప్పాను. అనుబంధ జాబితా పంపించాం. అరవై ముగ్గురికి వచ్చిన ఎనిమిది నెలలకు ఆ నలుగురికీ బకాయిలు వచ్చాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. లెక్కల మిత్రుడు మాత్రం చాలా రోజులు తన చూపునే తప్పు పట్టుకున్నారు. ఆయన తప్పేమీ లేదని, అది నేను చేసిన తప్పని ఈ సభాముఖంగా చెబుతున్నాను.

ఆ తర్వాత ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. నాకంటే తెలివైన వాళ్ళకే ఇలాంటి ఇబ్బంది వచ్చిందని తెలిసింది. అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలోని కృత్రిమ మేధ ప్రయోగశాలలో 1970 దశకంలో టెకో అనే ఎడిటరు వాడేవారు. దానికి ఎవరి కీలు వారే కేటాయించుకోవచ్చు. ఎవరి పిచ్చి వారికానందం అన్నట్లు, ఎవరి పద్ధతి వారు పెట్టుకున్నారు. కొంతకాలానికి ఒకరి పద్ధతి ఇంకొకరికి కొరుకుడు పడకుండా పోయింది. అప్పుడు గై స్టీల్ అనే ఆయన ఈ రకరకాల పద్ధతులను ఒక్కటిగా కూర్చడానికి పూనుకున్నారు. రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని పూర్తి చేశారు. 1976లో అలా పుట్టినదే ఈమాక్స్ అనే ఎడిటరు. అందులో కూడా ప్రతి కీనీ మార్చుకోవచ్చు. కాని ముందు అందరికీ ఉమ్మడిగా ఒక పద్ధతి ఉంటుంది, ఆ పైన ఎవరి మార్పులు వారివి.

అదే 1976లో బిల్ జాయ్ అనే విద్యార్థి వి.ఐ. అనే ఇంకో ఎడిటరు రాశారు. అందులో కర్సరు జరపడానికి బాణం గుర్తుల కీలకు బదులు హెచ్, జె, కె, ఎల్ అక్షరాలు వాడతారు. ఎందుకంటే ఆయన వాడిన టెర్మినల్ మీద బాణం గుర్తులు ఆ నాలుగు కీల మీదే ముద్రించి ఉండేవి. ఆ టెర్మినళ్ళు ఎప్పుడో మూలపడ్డాయి. ఆ అలవాటు మాత్రం ఈనాటికీ నడుస్తోంది. ఒకసారి చేతికి అలవాటైన కీని మార్చడం ఎంత కష్టమో దీన్ని బట్టే తెలుస్తుంది. మన లెక్కల మిత్రుడి ఎఫ్ 9 కూడా అలాంటి అలవాటే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లుగా నేను పెట్టుకున్న నియమాలు ఇవి. మీరు ముందుగానే పట్టుకోండి.

ఒకటి, పోగొట్టే పనిని ఒంటి కీకి ఎప్పుడూ ఇవ్వవద్దు. దాచే పనికి ఒక కీ చాలు, తీసేసే పనికి మూడు కీలు ఉండటమే క్షేమం. తయారు చేసినవాళ్ళు మూడు పెట్టారంటే, ఆ కష్టం మన మంచికే. లైను తీసేసే పనిని నేను మళ్ళీ పాత చోటికే పంపించాను. స్టిక్కీ కీస్ ఉండగా మూడు కీలు నాకు బరువు కాదు.

రెండు, పదిమంది వాడే కంప్యూటరులో మార్పులు మన పేరు మీద ఉన్న ఖాతాలోనే చెయ్యాలి. విండోస్‌లో ఒక్కొక్కరికీ వేరే లాగిన్ పెట్టుకోవచ్చు. మామూలుగా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఎవరి మార్పులను వారి ఖాతాలోనే దాచుకుంటుంది. ఇప్పుడు సంఘం గదిలో నా లాగిన్ వేరు, మిగతావారి లాగిన్ వేరు. వారి కీలు తయారై వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

మూడు, మార్చిన ప్రతి కీనీ ఒక కాగితం మీద రాసి కీబోర్డు పక్కన అంటించాలి. ఆఫీసులో ఉత్తర్వు లేకుండా పని పంపకం మార్చేవాళ్ళమా?

నాలుగు, మార్పులు దాచిన ఫైలుని పెన్ డ్రైవులోకి నకలు తీసి పెట్టుకోవాలి. దాని పేరు షార్ట్‌కట్స్ డాట్ ఎక్స్ఎంఎల్. కంప్యూటరు మారినా శ్రమ వృథా కాదు. అలాగే ప్రిఫరెన్సెస్‌లో బ్యాకప్ అనే భాగం ఉంది. అక్కడ వెర్బోస్ అనేది ఎంచుకుంటే, దాచిన ప్రతిసారీ అంతకు ముందున్న ఫైలుని వేరుగా భద్రపరుస్తుంది. 2021లో అది ఉండి ఉంటే ఆ నాలుగు పేర్లు ఐదు నిమిషాల్లో దొరికేవి.

ఐదు, ఒకేసారి పది కీలు మార్చవద్దు. వారానికి ఒకటి మార్చండి. చెయ్యి ఒప్పుకున్నాక రెండవది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వాడనివారికి కూడా దారి ఉంది. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకి వెళ్తే అడుగున కీబోర్డ్ షార్ట్‌కట్స్ అని ఉంటుంది. లిబ్రే ఆఫీసులో టూల్స్ మెనూలో కస్టమైజ్, అందులో కీబోర్డ్. రెండింటిలోనూ రీసెట్ అనే బొత్తాం ఉంది. ఏదైనా చిక్కుపడితే మొదటి స్థితికి తెచ్చేస్తుంది. కాబట్టి భయపడవలసింది లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు మీ ఇంటి కంప్యూటరులో ప్రయత్నించండి, తర్వాత సంఘం గదికి రండి.

చివరగా ఒక్క మాట. ఈ వయసులో మనకు ఎవరికి ఏ చెయ్యి, ఏ కన్ను మొరాయిస్తుందో తెలియదు. చెయ్యి మొరాయించిందని పని మానుకోనక్కరలేదు. కీ మార్చుకోవచ్చు. అయితే మన వీలు చూసుకునేటప్పుడు మన తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవారిని కూడా చూసుకోవాలి. వచ్చే నెల నుంచి ప్రతి శనివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు నేను సంఘం గదిలో ఉంటాను. చేతులు ఇబ్బంది పెడుతున్నవారు ఎవరైనా రావచ్చు. మీ చేతికి ఏ కీ అందుతుందో ఇద్దరం కూర్చుని చూద్దాం. చేసిన మార్పు మాత్రం వెంటనే కాగితం మీద రాద్దాం.